ఎముకల బలమును కొలుచు పరీక్ష

ముసలితనమున నడుము వంగుట సహజమని మనము తలంతుము. అవ్వ గడప తగిలి పడి తుంటి విఱుగగొట్టుకొన్నచో "వయస్సు మీఱినది గదా" యని యూరకుందుము. పెక్కుమారులు దీనికి కారణము ఎముకలు గుల్లబాఱు వ్యాధి. అది నొప్పి లేకయే పెరిగి, ఎముక విఱిగిన దినముననే బయటపడును. చెదలు తినిన దూలమును పైకి గట్టిగనే కన్పట్టును గదా!

లోపలి బలము నెఱుగుటకు 'డెక్సా' అను పరీక్ష గలదు. రెండు వేర్వేరు శక్తులుగల ఎక్స్‌రే కిరణములను నడుముపూసలకును తుంటికిని ప్రసరింపజేసి, ఎముక వానిని ఎంత యడ్డగించెనో లెక్కించి, ఖనిజసాంద్రతను కనుగొందురు. రోగి బల్లపై పరుండిన కొలది నిమిషములలో నిది ముగియును, సూదితో పనిలేదు, కిరణముల మోతాదు అత్యల్పము. ఫలితమును యౌవనమందలి యెముకల సగటుతో పోల్చి 'టీ-స్కోరు' అను అంకెగా తెల్పుదురు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యేర్పఱచిన కొలత ననుసరించి మైనస్ 2.5గాని యంతకు దిగువగాని యున్నచో వ్యాధి యున్నట్లు.

మన దేశమున నీ యంత్రములు విశేషముగా నగరములందే యున్నవి. పల్లెలోని అవ్వకు దారిఖర్చును, పరీక్షరుసుమును, వెంటబోవు మనిషియు కావలయును. కావున నెవరికి ముందుగా అవసరమో యెఱుగవలెను. కొద్దిపాటు పడుటకే ఎముక విఱిగినవారు, ఎత్తు తగ్గినవారు, ముట్లు త్వరగా నిలిచినవారు, స్టెరాయిడు మందులను చిరకాలము వాడినవారు వైద్యు నడుగవలెను.

శిబిరములలో మడమకు చేయు శబ్దతరంగపరీక్ష డెక్సాకు సమానము కాదు. ఆ యంకెను మాత్రమే నమ్మి భయపడవలదు, నిశ్చింతగను ఉండవలదు. నల్లగొండవంటి ఫ్లోరైడు నీటి ప్రాంతములందు సాంద్రత హెచ్చుగా కన్పట్టినను ఎముక పెళుసై యుండవచ్చును. నీటిసంగతి వైద్యునకు తెల్పవలెను.

యంత్రము అందని చోట మార్గము లేకపోలేదు. ఇంగ్లండులోని షెఫీల్డు విశ్వవిద్యాలయమువారు 2008లో వెలువఱచిన 'ఫ్రాక్స్' అను గణనపద్ధతి వయస్సు, బరువు, పూర్వము విఱిగిన యెముకలు మున్నగువానిని బట్టి పదేండ్లలోని యపాయమును అంచనా వేయును. సాంద్రత తెలియకున్నను దానిని వాడవచ్చును.

విద్యార్థులారా, సెలవులలో ఇంటికేగినప్పుడు అవ్వ చీరె మునుపటికంటె నేల జీరాడుచున్నదేమో చూడుడు. వృద్ధులను గౌరవింపవలెనని మనము ప్రార్థనాకూటమున తఱచుగా వినుచున్నాము. ఒకనాడు ఆమెవెంట బస్సెక్కి ఆసుపత్రికి బోవుటయు నా గౌరవమే యని మేము తలంచుచున్నాము.