నెత్తళ్లలో జాతిభేదమును గుర్తించు విధము

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతమువారమగు మనము సముద్రమునకు దూరస్థులము. ఎండుచేపల గంపలో వ్రేలెడు పొడవుగల వానినన్నిటిని నెత్తళ్లనియే యందుము. కాని యా యొక్క గంపలో ననేక జాతు లుండవచ్చును. శాస్త్రజ్ఞులు వానిని వేఱుపఱచు పద్ధతి ప్రత్తి రైతులకును మిక్కిలి యుపయోగకరము.

ముట్టె క్రిందిదవడను మించి ముందునకు వచ్చుటయు, నోరు కంటికి వెనుకవఱకు చీలియుండుటయు నీ కుటుంబమున కంతటికి సామాన్యలక్షణములు. జాతిని నిర్ణయించుటకివి చాలవు. పైదవడయెముక పొడవును గొలువవలెను. రెక్కలలోని పుల్లలను, పొట్టక్రింది ముండ్లను, మొప్పలలో దువ్వెనపండ్లవలె నుండువానిని లెక్కింపవలెను. చిన్నవానిని పెద్దవానిని, పలుతావుల వానిని బోల్చి చూచి, పూర్వము వర్ణింపబడిన యే జాతితోను సరిపడనిచో, అప్పుడే క్రొత్తజాతి యని ప్రకటింతురు. వర్ణనకు మూలమైన చేపను చెడకుండ మ్యూజియములో భద్రపఱతురు. సందేహము గలవారు దానినే చూచి తీర్చుకొందురు.

మన తెలుగుతీరమున నిట్టి కృషి పూర్వమే జరిగెను. స్కాట్లండు వైద్యుడగు పాట్రిక్ రస్సెల్ 1785లో ఈస్టిండియా కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నియమితుడై, విశాఖపట్టణమున దొరకిన 200 చేపలకు పటములు వ్రాయించి, 1803లో గ్రంథముగా వెలువరించెను. అందు నెత్తళ్ల కుటుంబపు చేపలును గలవు. పల్లెవారు పలికిన తెలుగుపేళ్లనే ఆయన ఇంగ్లీషు అక్షరములలో వ్రాసెను. పేళ్లు మాత్రమే వ్రాసి యూరకుండినచో ఫలము స్వల్పము. పటమును వర్ణనమును జేర్చెను గనుకనే, ఫ్రాన్సుదేశీయుడగు క్యూవియే మొదలగు తరువాతివారు వానినిబట్టి జాతులను నిర్ణయింపగలిగిరి.

ఇక మన చేలసంగతి. "కాయలో పురుగు పడినది" అని రైతులు మాతో చెప్పుదురు. ఏ పురుగు? గులాబీపురుగు లేతదశలో తెల్లగానే యుండును. రంగొక్కటే చూచిన మోసపోవుదుము. అది కాయలోనికి దూరినపిమ్మట పైని చల్లిన మందు దానికి తగులదు. సొమ్ము మాత్రము వ్యయమగును. గుడ్డిపూలను ఏరివేయుట, లింగాకర్షక బుట్టలు పెట్టుట, కాలము మించకుండ పైరు తీసి మోళ్లను నాశనము చేయుట దానికి దగిన యుపాయములు. వేఱొక పురుగైనచో ఉపాయమును వేఱగును.

కావున రైతుసోదరులారా, మాకు పురుగు పేరు చెప్పిపంపవలదు. పురుగుతోగూడ కాయనే సీసాలో నుంచి, చేని పేరును తేదీని చీటిపై వ్రాసి తెండు. మందు కొనుటకు ముందు చేయవలసిన పని యిదియే.