కదిలే బొమ్మలో రంగు తప్పితే

మా అన్నగారి అమ్మాయి విజయవాడలో ఒక చిన్న అచ్చుదుకాణంలో పని చేస్తున్నది. శుభలేఖలు అచ్చువేయడమే ఆ దుకాణానికి ప్రధాన వృత్తి. కాని ఈ రోజులలో శుభలేఖ కాగితం మీద ఉంటే చాలదు; సెల్‌ఫోనులో కదలాడే బొమ్మ కూడ కావలెనని అందరూ అడుగుతున్నారు. అరటిచెట్లు ఊగుతాయి, తలంబ్రాలు రాలుతాయి, పెండ్లికూతురు తల వంచుతుంది. రెండు మూడు క్షణాలలో అంతా జరిగి మళ్ళీ మొదటికి వస్తుంది.

గత మాఘమాసంలో కంకిపాడు వైపునుండి వచ్చిన ఒక కుటుంబంవారికి మా అమ్మాయి అట్టి బొమ్మ నొకదానిని సిద్ధపరచినది. అది లోగడ ఎవరో గీసి పెట్టినదే. అందులో పెండ్లికూతురు నుదుట తిలకం లేదు. మధుపర్కపు చీరకు ఎర్రని అంచు లేదు. ఆ రెండూ చేర్చమన్నారు, చేర్చినది. ఎంత చిక్కని ఎరుపు ఎన్నుకొన్నా, కుంచె తాకినచోట ఇటుకపొడి వంటి మట్టిరంగే పడినది. ఆ యింటి బామ్మగారు అది చూచి, కుంకుమ నల్లబడిన బొమ్మను శుభకార్యానికి ఎట్లా పంపుతామని అడిగినారట. అడుగుటలో తప్పేమున్నది? ముహూర్తం ఇంక తొమ్మిది రోజులున్నది. “బాబాయ్, ఎరుపు పెడితే మట్టిరంగు వస్తున్నది. కంప్యూటరు చెడిపోయిందంటారా?” అని ఆ రాత్రి మా అమ్మాయి నాకు ఫోను చేసినది.

కంప్యూటరు చెడిపోలేదు. తనకు తెలిసిన ధర్మాన్ని అది అక్షరాలా పాటించినది.

సాధారణమైన వర్ణచిత్రంలో ప్రతి చుక్కకూ ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని మూడు అంకెలు వ్రాసి ఉంటాయి. ఒక్కొక్క దానికి 256 మెట్లు. ఈ లెక్కన ఒక్కొక్క చుక్కకు 1,67,77,216 రంగులలో ఏదైనా దొరుకుతుంది. ‘జిఫ్’ అనే కదిలే బొమ్మల పద్ధతి అట్టిది కాదు. దీనిని 1987లో అమెరికాలోని కంప్యూసర్వ్ సంస్థవారు రూపొందించినారు. అప్పట్లో బొమ్మలు టెలిఫోను తీగలమీద మెల్లమెల్లగా రావలసి ఉండెను గనుక, బరువు తగ్గించడమే వారి తాపత్రయం. అందుచేత ముందుగా ఒక పళ్ళెంలో రంగులు పేర్చి, వాటికి వరుస సంఖ్యలు వేసి, ఒక్కొక్క చుక్క దగ్గర “నాది ఫలానా సంఖ్య” అని మాత్రమే వ్రాసినారు. ఆ పళ్ళెంలో 256 రంగులకు మించి పట్టవు. ఒక పొర వెనుక ఒక పొరను ఎంతసేపటికి చూపవలెనో తెలిపే ఏర్పాటు 1989లో చేర్చినారు.

మచిలీపట్నానికి చేరువనున్న పెడనలో కలంకారీ అద్దకం చూచినవారికి ఈ సంగతి బోధపరచడం కష్టం కాదు. అక్కడ ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క చెక్క అచ్చు. నలుపు గీతకు ఒకటి, ఎరుపు నిండవలసిన చోటికి మరొకటి. చెక్కించని అచ్చుతో అద్దమని అడిగితే పనివాడు లేదని చెప్పివేస్తాడు. కంప్యూటరు లేదని చెప్పదు. పళ్ళెంలో ఉన్నవాటిలో అడిగినదానికి ఏది చేరువో అది తీసి అద్ది ఊరుకొంటుంది. చిక్కంతా ఆ మర్యాదలోనే ఉన్నది. మా అమ్మాయి తెచ్చుకొన్న బొమ్మలో అరటాకుల పచ్చలు, పసుపులు, తెలుపులు కావలసినన్ని ఉన్నవి. ఎరుపు అనదగినది ఒక్కటీ లేదు. ఉన్నవాటిలో కుంకుమకు దగ్గరి చుట్టం పెండ్లిపీట చెక్కరంగు. అదే నుదుటికెక్కినది.

ఈ జబ్బును గుర్తించడం సులభం. ఆమె వాడుతున్నది ‘గింప్’ అనే ఉచిత సాధనం. 1995లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టినది. అందులో బొమ్మ తెరిచినప్పుడు పైనున్న పట్టీలో ‘ఇండెక్స్‌డ్’ అని ఉంటే, మనం పళ్ళెానికి కట్టుబడి ఉన్నామని అర్థం. ‘ఇమేజ్’ పట్టికలో ‘మోడ్’ అనేచోటికి పోయి ‘ఆర్‌జీబీ’ అన్నదానిని ఎన్నుకొంటే కట్టు వీడుతుంది. ఇది కుంచె ముట్టుకొనకముందే చేయవలసిన పని. ముందుగానే మట్టిరంగు పడిన చుక్కలు ఆ తరువాత తమంతట తాము ఎర్రబడవు, మళ్ళీ దిద్దుకొనవలసినదే.

ఎరుపు ఎరుపుగానే పడినదని మా అమ్మాయి సంతోషించినది. బొమ్మను కదిలించి చూడగా మరొక చిత్రం. పెండ్లికూతురు తల వంచినది గాని, తిలకం మొదటిచోటనే గాలిలో నిలిచిపోయినది! ఇది పొరల సంగతి. బరువు తగ్గించడంకోసం తరువాతి పొరలలో మారిన భాగం మాత్రమే ఉంచి, తక్కినదంతా క్రింది పొరనుండి కనబడనిస్తారు. అట్టి పొర పేరు ప్రక్కన ‘కంబైన్’ అని ఉంటుంది. క్రింది పొరలో మనం వేసిన రంగు, పై పొర కప్పని చోటనెల్ల కనబడుతూనే ఉంటుంది. ‘ఫిల్టర్స్’ పట్టికలో ‘యానిమేషన్’ క్రింద ‘అన్‌ఆప్టిమైజ్’ అనేది ఉన్నది. దానిని నడిపితే ప్రతి పొరా నిండు బొమ్మతో కొత్త ప్రతి ఒకటి తయారవుతుంది. తరువాత తిలకాన్ని ప్రతి పొరలోనూ దాని దాని చోట పెట్టుకొంటూ పోవలెను. ఆ బొమ్మలో పదునాలుగు పొరలు. ఓపిక తప్ప దీనికి వేరే ఉపాయం నాకు కనబడలేదు.

అసలు పరీక్ష చివరనున్నది. పెడనలో పటికనీరు అద్దినప్పుడు గుడ్డమీద ఎరుపు కనబడదు. రంగువేరు వేసిన కాగులో ఉడికిన తరువాతనే బయటపడుతుంది. ఇక్కడ కథ తిరగబడినది. పని చేసినంతసేపూ కనబడిన ఎరుపు కాగులో దింపగానే వెలిసిపోవచ్చును. జిఫ్‌గా ఎగుమతి చేసేటప్పుడు అన్ని పొరలనూ కలిపి మళ్ళీ ఒక 256 రంగుల పళ్ళెం కూర్చవలసి ఉన్నది గదా! ఆ కూర్పు ఇంచుమించు తలల లెక్కమీద సాగుతుంది. ఎక్కువ చుక్కలున్న ఛాయలకు ఎక్కువ చోటు. తిలకానికి ఉన్నవి ముప్పది చుక్కలు. వెనుకనున్న ఆకాశం నీలంనుండి నారింజకు మెల్లగా కరుగుతూ పోతున్నది. ఆ కరుగుటలో ఒక్కొక్క మెట్టూ పళ్ళెంలో ఒక స్థానాన్ని కోరుతుంది. నా సలహామీద మా అమ్మాయి ఆ ఆకాశాన్ని తీసివేసి, ఒకే లేత పసుపు నింపినది. అంతటితో కుంకుమకు చోటు దొరికినది. ఆకాశం పోయినందుకు ఆమెకు కొంత కష్టం కలిగినది గాని, పెండ్లి పిలుపులో తిలకం ముఖ్యమా, మబ్బులు ముఖ్యమా?

ఆ ఎగుమతికి ముందు ‘డిథరింగ్’ అని ఒక ప్రశ్న వస్తుంది. లేని రంగును ఉన్న రెండు రంగుల చుక్కలు కలగలిపి భ్రమింపజేసే ఉపాయమది. నిలిచిన బొమ్మకు బాగానే ఉంటుంది. కదిలే బొమ్మలో ఆ కలబోత పొరపొరకూ మారి, చీర మీద చీమలు పారినట్లు కనబడుతుంది. వద్దనుకొంటే మానవచ్చును, కావలెనంటే ‘పొజిషన్డ్’ అన్న రకం ఎన్నుకొంటే చుక్కలు స్థిరంగా ఉంటాయి. అట్లే బొమ్మ చుట్టూ తెల్లని అంచు మిగిలితే, జిఫ్‌లో చుక్క పూర్తిగా కనబడడమో పూర్తిగా మరుగుకావడమో తప్ప సగం కనబడడం లేదని గుర్తుంచుకొనవలెను. నేపథ్యపు రంగును ముందే అంచులో కలిపివేస్తే సరి.

ముహూర్తానికి నాలుగు రోజుల ముందు బొమ్మ వెళ్ళినది. బామ్మగారు మనుమడి ఫోనులో చూచి, తిలకం బాగున్నదని, చీర అంచు మాత్రం ఇంకొక వేలెడు వెడల్పుండవలెనని చెప్పి పంపినారు. మా అమ్మాయికి ఆ పని అరగంటలో అయినది. ఎందుకనగా, పొరలన్నిటితోను ఆర్‌జీబీలోనే ఉన్న ప్రతిని ఆమె గింప్‌కు స్వంతమైన ‘ఎక్స్‌సీఎఫ్’ రూపంలో విడిగా దాచుకొన్నది. జిఫ్ ఒక్కటే చేతిలో ఉంటే, మళ్ళీ కట్టు విప్పి, పొరలు నింపి, మొదటినుండి రావలసి ఉండేది.