లెగ్గడె: రాతినేల చిట్టెలుక – వడ్డెరల పేరు, జంతుశాస్త్ర నామం

1. ఉపోద్ఘాతం

తెలుగు నుంచి జంతుశాస్త్రానికి వెళ్లిన పదం ఏదని అడిగితే పండితులు సాధారణంగా ‘పందికొక్కు’ను ఉదాహరిస్తారు. ఆ పదమే ఆంగ్లంలో ‘బాండికూట్’గా మారింది, ‘బాండికోటా’ అనే ప్రజాతి నామంగా స్థిరపడింది, ఆస్ట్రేలియాలోని వేరొక జంతువర్గానికి కూడా పేరుగా వెళ్లింది. అయితే గుట్టల్లో, మొరం నేలల్లో జీవించే ఒక చిట్టెలుక పేరు కూడా ఇలాగే ప్రయాణించిందన్న విషయం అంతగా ప్రచారంలో లేదు. ఆ పేరు ‘లెగ్గడె’. దానిని పలికినవారు వడ్డెరలు. ఆ ఎలుక జీవన విధానాన్ని, దాని పేరు నడిచిన దారిని వివరించి, తెలుగు పదసేకరణకు దీనివల్ల కలిగే ప్రయోజనాన్ని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పేరును నమోదు చేసినవారు

సర్ వాల్టర్ ఇలియట్ (1803–1887) తెలుగువారికి అమరావతి శిల్పాల ద్వారా పరిచితుడు. 1845లో ఆయన అక్కడ తవ్వించిన శిల్పాలు తరువాత బ్రిటిష్ మ్యూజియంకు చేరాయి. ఉత్తర సర్కారుల తెలుగు జిల్లాలలోని మొక్కల దేశీయ నామాలతో ఆయన కూర్చిన ‘ఫ్లోరా ఆంధ్రికా’ 1859లో వెలువడింది. అంతకుముందు ధార్వాడ ప్రాంతంలో ఉద్యోగం చేసిన కాలంలో ఆయన అక్కడి క్షీరదాలను సేకరించాడు. ఆ వివరాల పట్టిక 1839లో ‘మద్రాస్ జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్’లో అచ్చయింది. కన్నడ ప్రాంతంలో స్థిరపడినా ఇంట్లో తెలుగు మాండలికమే మాట్లాడే వడ్డెరలు ఎలుకలకు పెట్టుకున్న పేర్లను ఇలియట్ ఆ పట్టికలో విడిగా గుర్తించాడు.

ఇలియట్ సేకరణ ఆధారంగా లండన్‌లో జాన్ ఎడ్వర్డ్ గ్రే 1837లో కొన్ని కొత్త పేర్లను ప్రకటించాడు. వాటిలో ‘లెగ్గడా’ ఒక ప్రజాతి నామం. ‘మెల్టాడా’ ఒక జాతి నామం. రెండింటికీ మూలం వడ్డెరల నోటి మాటలే.

3. లెగ్గడె జీవన విధానం

ఇలియట్ లెగ్గడెగా గుర్తించిన ఎలుకకు ‘మస్ ప్లాటిథ్రిక్స్’ అనే శాస్త్రీయ నామాన్ని బెన్నెట్ 1832లో ఇచ్చాడు. ‘చప్పటి వెంట్రుకలు గలది’ అని ఆ గ్రీకు పదానికి అర్థం. ఈ ఎలుక వీపు మీది రోమాలు మెత్తగా ఉండవు. అవి చప్పటి సన్నని ముళ్లలా ఉంటాయి. పైభాగం గోధుమవన్నె, పొట్ట తెలుపు. తోక శరీరం కంటే పొట్టి. రాత్రివేళ సంచరిస్తుంది. దక్కను పీఠభూమి, ద్వీపకల్ప భారతం దీని నివాసం.

దీని ప్రత్యేకత బొరియలో ఉంది. ఇలియట్ వర్ణన ప్రకారం ఇది ఎర్రని మొరం నేలలో, ఎక్కువగా గట్టు వాలులో, ఒక మోస్తరు లోతున కలుగు తవ్వుతుంది. లోపల ఉన్నప్పుడు ద్వారాన్ని చిన్న గులకరాళ్లతో మూసుకుంటుంది. ద్వారం బయట కూడా రాళ్లు పోగుపడి ఉంటాయి కనుక కలుగును ఆ గుర్తుతో పోల్చుకోవచ్చు. లోపలి గదిలో గడ్డికి బదులు గులకరాళ్లనే పరుపుగా పేర్చుకుని దాని మీద కూర్చుంటుంది. ఆస్ట్రేలియా పశ్చిమ భాగంలోని పిల్బరాలో ఒక చిట్టెలుక తన కలుగు మీద గులకరాళ్లను గుట్టగా పోస్తుంది. ఈ రెండింటికీ దగ్గరి బంధుత్వం లేకపోయినా, రాతినేల రెండు చోట్లా ఒకే విధమైన అలవాటును నేర్పింది.

నేలను తవ్వడం, రాయిని కొట్టడం వడ్డెరల వృత్తి. గులకరాళ్ల పోగును చూసి కింద ఏముందో చెప్పగల నేర్పు ఆ వృత్తిలోనిదే. లెగ్గడెకు వారు ‘కల్ యెలక’, అంటే రాతి ఎలుక, అనే మరో పేరు కూడా పెట్టుకున్నారు. నివాసాన్ని బట్టి పెట్టిన ఆ పేరు శాస్త్రీయ వర్ణనకు ఏమాత్రం తీసిపోదు.

4. భాషాపరమైన పరిశీలన

‘కల్ యెలక’లో ‘కల్’ కన్నడంలో వాడుకలో ఉన్న రాతి పదం. ‘యెలక’ స్పష్టంగా తెలుగు. కన్నడంలో అది ‘ఇలి’ అవుతుంది. రెండు భాషల సరిహద్దున జీవించిన సమాజపు చరిత్ర ఈ చిన్న సమాసంలో కనిపిస్తుంది.

గ్రే ప్రకటించిన ‘మెల్టాడా’ను ఇలియట్ ‘మెట్టాడె’గా రాశాడు. నోటి మాట రాతలోకి, రాత అచ్చులోకి మారే క్రమంలో ద్విత్వ టకారం చెదిరింది. శాస్త్రీయ నామకరణంలో మొదట అచ్చయిన రూపానికే ప్రాధాన్యం కనుక ఈ ఎలుక నేటికీ ‘మిల్లార్డియా మెల్టాడా’గానే ఉంది. ఇలియట్ దీనిని సాగుభూములలో, పొలాల్లోని రాళ్ల కుప్పలలో, నల్లరేగడి నెర్రెలలో నివసించేదిగా వర్ణించాడు. అందువల్ల మొదటి భాగాన్ని ‘మెట్ట’తో పోల్చి చూడవచ్చు. అయితే ఇది ప్రతిపాదన మాత్రమే. వడ్డెర వాడుకరుల ఉచ్చారణతో సరిచూసిన తరువాతే నిర్ణయించాలి. ‘లెగ్గడె’కు కేవలం ధ్వనిసామ్యంతో వ్యుత్పత్తి కల్పించడం అంతకంటే ప్రమాదకరం.

టి. సి. జెర్డన్ 1867 నాటి ‘ది మామల్స్ ఆఫ్ ఇండియా’లో యానాదుల పేర్లను కూడా చేర్చాడు. ఆయన నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేశాడు. లెగ్గడెకు యానాదుల పేరు ‘గిజెలిగాడు’. పిట్టకు ‘గిజిగాడు’ అని పేరుపెట్టినట్లే ఇక్కడ కూడా ‘గాడు’ ప్రత్యయం కనిపిస్తుంది. ప్రాణిని మనిషిలా పిలిచే ఈ పద్ధతి తెలుగు జంతునామాలలో ప్రత్యేకంగా పరిశోధించదగినది.

5. పేరు మిగిలింది, పలికినవారు మిగలలేదు

1826లో తొలకరి వానలు తగ్గినప్పుడు మెట్టాడెలు విపరీతంగా పెరిగి, విత్తిన గింజలను, జొన్న కంకులను తినివేశాయని ఇలియట్ రాశాడు. రైతులు వడ్డెరలను నియమించి, చంపిన ఎలుకల లెక్కన ధాన్యం కొలిచి ఇచ్చారు. వేలకొద్దీ చంపినా వాటి సంఖ్య తగ్గినట్లు కనిపించలేదు. నాటి పట్టికలో వడ్డెరలు ఒక కులంగానే నమోదయ్యారు. పేరు చెప్పిన ఏ ఒక్క వ్యక్తి పేరూ అందులో లేదు.

తరువాతి వర్గీకరణలో ‘లెగ్గడా’ ప్రజాతి ‘మస్’లో విలీనమైంది. ముళ్లరోమాల ఎలుకలను థామస్ 1911లో ‘పైరోమిస్’ అనే విభాగంగా గుర్తించాడు. వాటిలో ఒకదానికి ఒకటి పోలిన అనేక జాతులు ఉన్నాయి. కనుక వడ్డెరల ‘లెగ్గడె’ ఒక్క జాతికే చెందుతుందా, ఆ గుంపు మొత్తానికి వర్తిస్తుందా అనేది నేటికీ క్షేత్రస్థాయిలో అడగవలసిన ప్రశ్న.

6. ముగింపు

అడిక్‌మెట్ గుట్టల నేల మీద 1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల గ్రానైటు రాతి కట్టడం. ఆ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే జంతుశాస్త్రం, తెలుగు, భాషాశాస్త్రం బోధిస్తున్నారు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను రైతుల నోటి నుంచే సేకరించవచ్చని నిరూపించింది. అదే పద్ధతిలో వడ్డెర, యానాది సమాజాల జంతునామాలను జంతుశాస్త్రజ్ఞులతో కలిసి సేకరించడం సాధ్యమే. అందుకు రెండు నియమాలు అవసరం. ప్రతి పేరుకూ ప్రాణి నిర్ధారణ జరగాలి. ప్రతి పేరుతోపాటు, సమ్మతితో, దానిని చెప్పినవారి పేరు కూడా నమోదు కావాలి. గుట్టలు కంకరగా మారుతున్న కాలంలో, రాతి పనిలో యంత్రాలు ప్రవేశించిన కాలంలో, లెగ్గడె నివసించే నేల, దానిని గుర్తుపట్టే చూపు ఒకేసారి తరిగిపోతున్నాయి. ఈ రెండూ పోతే ఆ పేరు పాత వర్గీకరణ గ్రంథాలలో అర్థం తెలియని అక్షరాలుగా మాత్రమే మిగులుతుంది.