మీకు తెలుసా? సైటు పెరుగుదలకు పగ్గం వేసే కళ్లద్దాలున్నాయి!

పిల్లల సైటుకు ఇచ్చే మామూలు మైనస్ అద్దాలు బోర్డు మీది అక్షరాలను స్పష్టంగా చూపిస్తాయి, అంతే. లోపల కనుగుడ్డు పొడవుగా సాగుతూనే ఉంటుంది. ఏటేటా పవరు పెరిగేది అందుకే. ఆ సాగుదలను నెమ్మదింపజేసే అద్దాలను హాంకాంగ్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయం, జపాన్‌కు చెందిన హోయా కంపెనీ కలిసి తయారుచేశాయి. అద్దం నడుమ సుమారు 9 మిల్లీమీటర్ల మేర మామూలు పవరే. దాని చుట్టూ తేనెపట్టు గదుల్లా 400 దాకా బుల్లి కటకాలు, ఒక్కోటి మిల్లీమీటరు వెడల్పున. వాటిగుండా వచ్చే వెలుతురు రెటీనాకు కాస్త ముందే కేంద్రీకృతమవుతుంది. కన్ను ఇక సాగనక్కర్లేదన్న సంకేతం దానికి అలా అందుతుందని పరిశోధకుల వివరణ.

8–13 ఏళ్ల హాంకాంగ్ పిల్లల మీద రెండేళ్లు పరీక్షించారు. మామూలు అద్దాలు పెట్టుకున్నవారితో పోలిస్తే సైటు పెరుగుదల సగటున 52 శాతం, కంటి సాగుదల 62 శాతం తగ్గాయి. ఎంత ఊరటనిచ్చే మాట! అయితే ఉన్న సైటును ఇవి పోగొట్టవు. రోజంతా పెట్టుకుంటేనే పూర్తి ఫలితం.

సైటు బాగా పెరిగితే పెద్దయ్యాక రెటీనా ఊడే ముప్పు ఎక్కువ. మీ పిల్లల పవరు ఏటా మారుతుంటే, కంటి డాక్టరును ఈ అద్దాల గురించి తప్పక అడగండి.