అమెరికాలో అద్దె ఇల్లు: భార్యాభర్తలకు ఏ తరహా ఎల్‌ఎల్‌సీ అనుకూలం?

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పలువురు తాము నివసించే ఇల్లు కాక మరొకటి కొని అద్దెకు ఇస్తున్నారు. ఆ ఇంటి మెట్లపై అద్దెదారు జారిపడి దావా వేస్తే, పరిహారం బీమా పరిమితిని మించితే, యజమానుల ఇతర పొదుపు సైతం చిక్కులో పడవచ్చు. ఈ ముప్పును తగ్గించుకోవడానికే అనేకులు పరిమిత బాధ్యత గల సంస్థను, అంటే ఎల్‌ఎల్‌సీని ఆశ్రయిస్తున్నారు.

ఇది రాష్ట్ర చట్టం కింద ఏర్పడే సంస్థ. 1977లో వయోమింగ్ రాష్ట్రం తొలిసారిగా ఇటువంటి చట్టం చేసింది. ఇల్లు సంస్థ పేరిట ఉంటే, దానికి సంబంధించిన దావాలు సాధారణంగా సంస్థ ఆస్తికే పరిమితమవుతాయి. అయితే ఇందువల్ల పన్ను తగ్గుతుందని భావించరాదు. సాధారణంగా అద్దె లాభనష్టాలు దంపతుల వ్యక్తిగత రిటర్నులోకే చేరుతాయి. మారేది దాఖలు విధానమే.

దంపతులలో ఒక్కరే సభ్యులైతే ఫెడరల్ ఆదాయపు పన్ను శాఖ ఆ సంస్థను వేరుగా లెక్కించదు. అద్దె వివరాలను వ్యక్తిగత రిటర్నులోని షెడ్యూల్ ఇ లో చూపితే చాలు. ఇద్దరూ సభ్యులైతే అది భాగస్వామ్య సంస్థ అవుతుంది. సాధారణంగా ఏటా మార్చి 15లోగా ఫారం 1065 దాఖలు చేసి, ఇద్దరికీ షెడ్యూల్ కె-1 ఇవ్వాలి. ఆలస్యమైతే జరిమానాను సభ్యుల సంఖ్యను బట్టి నెలనెలా లెక్కిస్తారు.

దీనికొక మినహాయింపు ఉంది. వివాహానంతర సంపాదనను ఉమ్మడి ఆస్తిగా పరిగణించే టెక్సస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్, అరిజోనా, నెవాడా, న్యూమెక్సికో, ఐడహో, లూసియానా, విస్కాన్సిన్ రాష్ట్రాలలో, ఆలుమగలు మాత్రమే ఉమ్మడి ఆస్తిగా కలిగివున్న ఎల్‌ఎల్‌సీని ఏకసభ్య సంస్థవలె చూపవచ్చునని 2002లో పన్ను శాఖ అనుమతించింది. ఇతర రాష్ట్రాలవారికి ఈ వెసులుబాటు లేదు.

ఏకసభ్య సంస్థ సులువైనదే గాని, సభ్యుని వ్యక్తిగత రుణదాతల నుంచి దానికి లభించే రక్షణ కొన్ని రాష్ట్రాలలో బలహీనం. అటువంటి సభ్యుని హక్కులన్నిటినీ అప్పగించాలని కోర్టు ఆదేశించవచ్చునని 2010లో ఫ్లోరిడా సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. పైగా, ఆ సభ్యుడు మరణిస్తే సంస్థ ఎవరి చేతికి వెళ్లాలో నిర్వహణ ఒప్పందంలో ముందే రాసుకోవాలి.

ఇంటిపై గృహరుణం ఉంటే మరింత జాగ్రత్త అవసరం. యాజమాన్యం మారితే మొత్తం బాకీ ఒకేసారి కోరే హక్కు బ్యాంకుకు సాధారణంగా ఒప్పందంలోనే ఉంటుంది. జీవిత భాగస్వామి పేరిట బదిలీకి 1982 నాటి ఫెడరల్ చట్టం రక్షణ కల్పిస్తుంది గాని, ఎల్‌ఎల్‌సీకి బదిలీ ఆ జాబితాలో లేదు. కనుక ముందుగా బ్యాంకు అనుమతి పొందాలి. బీమా పాలసీనీ సంస్థ పేరిట మార్పించాలి. ఖర్చు కూడా చూసుకోవాలి. కాలిఫోర్నియాలో లాభం లేకున్నా సాధారణంగా ఏటా కనీసం 800 డాలర్లు చెల్లించాలి.

సంస్థ స్థాపనతోనే రక్షణ సిద్ధించదు. అద్దె సొమ్మును, ఇంటి ఖర్చును ఒకే ఖాతాలో కలిపితే కోర్టు ఆ రక్షణను పక్కన పెట్టవచ్చు. యజమాని స్వయంగా చేసిన నిర్లక్ష్యానికి సంస్థ అడ్డుకాదు. అందువల్ల తగినంత బీమా తొలి రక్షణ, ఎల్‌ఎల్‌సీ దానికి తోడు మాత్రమే. ఒక్కరా, ఇద్దరా అన్నది తమ రాష్ట్ర చట్టం తెలిసిన న్యాయవాదిని, పన్ను నిపుణుని సంప్రదించి, రిజిస్ట్రేషన్‌కు ముందే నిర్ణయించుకోవడం శ్రేయస్కరం.