వెల చెల్లించని అభిమానం
(రేడియో ప్రసంగానికి అక్షర రూపం)

వాక్యభాగం: 2 సమూయేలు 24:18–25

 

మాకు అందిన ఉత్తరాల్లో నడికుడి నుండి ఒక యౌవన సహోదరుడు వ్రాసిన ఉత్తరం ఉంది. ఆయన స్టేషనుకు దగ్గర్లో ఒక సెల్ షాపులో పనిచేస్తున్నాడు. నడికుడి జంక్షను గదా, గుంటూరు బండికి, సికింద్రాబాదు బండికి, మాచర్ల బండికి వచ్చేవాళ్ళు అక్కడ ఆగుతారు. ఆయన ఇలా అడుగుతున్నాడు: "అయ్యగారూ, బండి వచ్చేలోపు కొత్త సినిమా ఎక్కించమని కుర్రవాళ్ళు మెమరీ కార్డు చేతికిస్తారు. క్రిస్మస్ ముందైతే మన సంఘాలవాళ్ళే వచ్చి క్రైస్తవ పాటలు పెన్‌డ్రైవులో ఎక్కించుకుంటారు. ఐబొమ్మ నడిపాడని ఒకాయన్ని పట్టుకున్నప్పుడు మా స్నేహితులంతా ఆయన పేదవాళ్ళకు మేలు చేశాడన్నారు. నేను చేసేది దొంగతనమా, సహాయమా?"

ఈ ప్రశ్న ఈ ఒక్క తమ్ముడిది కాదు. ఫోను చేతిలో ఉన్న ప్రతివారిదీ. సినిమా చూడవచ్చునా, కూడదా అనేది వేరే అంశం. ఈ దినం మరొకరి కష్టఫలాన్ని మనం ఎలా తీసుకుంటున్నామో దేవుని వాక్యపు వెలుగులో ఆలోచిద్దాం.

అసలు కాపీరైటు అంటే ఏమిటి?

ఒక రైతు మిరప తోట వేస్తే ఆ కాయ ఆయనదని ఎవరూ నేర్పనక్కరలేదు. కళ్లంలో ఆరబోసిన మిరపకాయలు గంపెడు ఎత్తుకుపోతే అక్కడ గంపెడు తగ్గి కనిపిస్తాయి. పాట అలా కాదు. వందమంది కాపీ చేసుకున్నా అసలు పాట అలాగే ఉంటుంది. అందుకే "నేనేం తీశాను?" అనిపిస్తుంది. అయితే పాట వ్రాసినవాని కష్టం, బాణీ కట్టినవాని కష్టం, పాడినవాని కష్టం అందులో ఉన్నాయి. ఆ కష్టఫలాన్ని ఎవరు ప్రతులు తీయవచ్చునో, ఎవరు ప్రదర్శించవచ్చునో నిర్ణయించే హక్కు దాని యజమానిది. మన దేశంలో ఆ హక్కును 1957 కాపీరైటు చట్టం కాపాడుతుంది.

ఈ హక్కు శాశ్వతమైనది కాదు. రచయితకు ఆయన జీవితకాలం, ఆ తరువాత 60 సంవత్సరాలు. సినిమాకు, పాటల రికార్డుకు విడుదలైన తరువాత 60 సంవత్సరాలు. ఆ గడువు తీరాక అది అందరి సొత్తు. తెలిసి ఈ హక్కును అతిక్రమించినవారికి 6 నెలల నుండి 3 సంవత్సరాల వరకు జైలు, 50 వేల నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. వ్యాపార లాభం కోసం చేయనప్పుడు, తగిన కారణాలు వ్రాసి శిక్ష తగ్గించే అధికారం కోర్టుకు ఉంది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, థియేటరులో దొంగచాటుగా సినిమా చిత్రీకరించేవారికి 3 నెలల నుండి 3 సంవత్సరాల జైలు, కనీసం 3 లక్షల రూపాయల జరిమానా పెట్టారు. ఆ జరిమానా సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం వరకు పెరగవచ్చు.

స్నేహితుని చేతి నుండి స్నేహితుని చేతికి

ప్రియులారా, ఇది ఎలా జరుగుతుందో మన తెలుగునాట జరిగిన సంగతులు రెండు చూడండి.

2013లో పవన్ కళ్యాణ్ నటించిన 'అత్తారింటికి దారేది' సినిమా తయారైంది. సమైక్యాంధ్ర ఉద్యమం వల్ల విడుదల వాయిదా పడింది. ఇంతలో సెప్టెంబరు నెలలో సుమారు గంటన్నర సినిమా బయటికి వచ్చి, కృష్ణా జిల్లా పెడనలో సీడీలుగా అమ్ముడుపోయింది. పోలీసులు ఆరా తీస్తే, సినిమాకు పనిచేసిన లోపలి మనిషి చేతి నుండే అది బయటపడిందని తేలింది. ఆయన స్నేహితునికి ఇచ్చాడు. ఆ స్నేహితుడు ఇంకొకరికి ఇచ్చాడు. అలా చేతులు మారి చివరకు సీడీల దుకాణానికి చేరింది. అక్టోబరులో రావలసిన సినిమాను నిర్మాతలు హడావుడిగా సెప్టెంబరు 27నే విడుదల చేయవలసి వచ్చింది.

ఈ గొలుసులో మొదటివాళ్ళు వ్యాపారం పెట్టుకున్నవాళ్ళు కారు. "నీకు మాత్రమే ఇస్తున్నాను, ఎవరికీ ఇవ్వకు" అనే మాట మీద నడిచే గొలుసు ఇది. ఆ మాట ఎన్ని చేతుల వరకు నిలుస్తుందో మనకు తెలియనిది కాదు. అదే సమయంలో, ఎందరో అభిమానులు ఆ కాపీ చూడవద్దని తోటివారిని బ్రతిమాలారు. ముందుగా చూడాలన్న ఆశ వారికి మాత్రం లేదా? ఉన్నది. అయినా ఆగారు. ఆ సినిమా థియేటర్లలో గొప్ప విజయం సాధించింది.

రెండవది మనకు ఇంకా దగ్గరిది. 2018 ఆగస్టులో 'గీత గోవిందం' సినిమా విడుదలకు ముందే అందులోని దృశ్యాలు బయటికి వచ్చాయి. అవి పంచుకున్నారని గుంటూరులో కొందరు కాలేజీ విద్యార్థులను పోలీసులు పట్టుకున్నారు. వాళ్ళు కరడుగట్టిన నేరస్థులు కారు. చదువుకొనే పిల్లలు. ఒక్క మీట నొక్కినందుకు పోలీసు స్టేషను మెట్లెక్కారు. తల్లిదండ్రులారా, మీ పిల్లలతో ఈ సంగతి మాట్లాడండి.

అభిమాని అనేవాడు విడుదల రోజున తెల్లవారకముందే థియేటరు ముందు నిలబడతాడు. కటౌటుకు దండ వేస్తాడు, పాలాభిషేకం చేస్తాడు. మధ్యాహ్నానికి అదే చేతితో అదే సినిమాను గ్రూపులో పంపుతాడు. ఉదయం మెడలో దండ వేసి, మధ్యాహ్నం జేబులో చెయ్యి పెట్టినట్లే గదా!

"డబ్బున్నవాళ్ళకు నష్టమేమిటి?"

చాలామంది ఇలా అంటారు: "హీరోలు కోట్లు తీసుకుంటున్నారు. టికెట్టు ధర పెంచుతున్నారు. కూలివాడు కుటుంబంతో థియేటరుకు ఎలా వెళతాడు?" ఈ మాటలో బాధ ఉంది. దాన్ని తేలికగా కొట్టివేయకూడదు. అయితే మూడు సంగతులు ఆలోచించండి.

మొదటిది, నష్టం ఎవరికి తగులుతుంది? హీరో పారితోషికం చాలా మట్టుకు ముందే ముడుతుంది. సినిమా ఆడకపోతే దెబ్బ తినేది అప్పు తెచ్చిన నిర్మాత, ఏరియా హక్కులు కొన్న పంపిణీదారుడు, ఊళ్ళో థియేటరు నడిపేవాడు. ఆ తరువాత లైట్లు మోసేవాళ్ళకు, కుట్టుపనివాళ్ళకు, ఎడిటింగు గదిలో కూర్చొనే కుర్రవాళ్ళకు తదుపరి పని దొరకదు. కళ్లం త్రొక్కుతున్న ఎద్దు మూతికి చిక్కం వేయరాదని ద్వితీయోపదేశకాండము 25:4లో దేవుడు చెప్పాడు. గింజ త్రొక్కే ఎద్దుకే రెండు గింజలు తినే హక్కు ఇచ్చిన దేవుడు, కష్టపడే మనిషి హక్కును విడిచిపెడతాడా? 1 తిమోతి 5:18లో పౌలు అదే వాక్యాన్ని ఎత్తి, పనివాని జీతం విషయంలో చెప్పాడు.

రెండవది, సినిమా ఆకలికి అన్నం కాదు. ఈ వారం చూడకపోతే ప్రాణం పోదు. ధర ఎక్కువైతే ఆగవచ్చు, తగ్గాక చూడవచ్చు, టీవీలో వచ్చినప్పుడు చూడవచ్చు, అసలు చూడక మానవచ్చు. ధర అన్యాయమైతే ఆ మాట బహిరంగంగా చెప్పే హక్కు కూడా మనకుంది. ఒకరి ధర ఎక్కువగా ఉందని అతని దుకాణంలో వస్తువు ఎత్తుకురావడం న్యాయం కాదు.

మూడవది, ఉచితమనేది నిజంగా ఉచితమా? 2025 నవంబరులో హైదరాబాదు సైబర్ క్రైమ్ పోలీసులు ఐబొమ్మ నిర్వాహకుడనే ఆరోపణ మీద ఒకరిని అరెస్టు చేశారు. 21 వేల సినిమాలు, దాదాపు 50 లక్షలమంది వివరాలు ఆయన దగ్గర దొరికాయని, సుమారు 20 కోట్ల రూపాయలు సంపాదించాడని, అందులో 3 కోట్లు స్వాధీనం చేసుకున్నామని, బెట్టింగు యాప్‌ల ప్రచారం కూడా దీనిద్వారా జరిగిందని పోలీసు కమిషనరు సజ్జనార్ చెప్పారు. దోషమెవరిదో తేల్చవలసింది కోర్టు. మనం గ్రహించవలసింది ఇది: మీ దగ్గర రూపాయి తీసుకోకుండా సినిమా చూపించేవాడు ఎక్కడో ఒకచోట ఆ రూపాయి రాబట్టుకుంటాడు. బెట్టింగు వలలో చిక్కి అప్పులపాలైన ఇంటిలో అడిగి చూడండి, ఉచిత సినిమా ఖరీదెంతో చెబుతారు.

అమెరికా దేశంలో నేర్చుకున్న పాఠం

ఈ సమస్య మనతో మొదలైంది కాదు. 1999లో అమెరికాలో నాప్‌స్టర్ అనే పద్ధతి వచ్చింది. ఒకరి కంప్యూటరులోని పాటను ఇంకొకరు నేరుగా తీసుకోవచ్చు. 2000 సంవత్సరంలో మెటాలికా అనే సంగీత బృందం దాని మీద దావా వేసి, తమ పాటలు పంచుకున్న 3 లక్షల 35 వేలకు పైగా పేర్ల జాబితాను ఆ కంపెనీ ముందు పెట్టింది. వారిలో ఎక్కువమంది ఆ బృందాన్ని అభిమానించేవాళ్ళే! అభిమానులకు కోపం వచ్చింది, బృందానికి మనసు విరిగింది. 2001లో నాప్‌స్టర్ మూతపడింది. పంచుకోవడం మాత్రం వేరే దారుల్లో సాగింది. 2003లో ఆపిల్ కంపెనీ ఒక్కొక్క పాటను డాలరు లోపు ధరకు అమ్మడం మొదలుపెడితే, మొదటి వారంలోనే పది లక్షల పాటలు కొన్నారు.

దీనిలో ఇరుపక్షాలకూ పాఠముంది. చట్టభయం ఒక్కటే మనిషిని మార్చలేదు. న్యాయమైన ధరకు, సులువైన మార్గంలో దొరికితే వెల ఇచ్చేవాళ్ళు ఎందరో ఉన్నారు. అమ్మేవాడు న్యాయంగా అమ్మాలి, కొనేవాడు న్యాయంగా కొనాలి.

మరి సువార్త పాటల సంగతి?

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. "దేవుని పాట గదా, ఎందరికి పంచితే అంత సువార్త" అంటారు. మంచి కోరికే. కాని ఆ పాట వ్రాసిన సేవకుడు స్టూడియోకు అద్దె కట్టాడు. కీబోర్డు, తబలా వాయించినవారికి కూలి ఇచ్చాడు. ఆయన తానే ఉచితంగా ఇస్తే అది ఆయన దాతృత్వం. ఆయనను అడగకుండా మనం పంచితే మన దాతృత్వం ఎలా అవుతుంది? మరొకరి గాదెలోని ధాన్యంతో అన్నదానం చేసి పేరు తెచ్చుకున్నట్లుంటుంది.

భయపడవలసిన అవసరం లేని చోట భయపడకండి. ఆరాధనలో పాట పాడుకోవడం తప్పు కాదు. నిజమైన మతపరమైన కార్యక్రమంలో పాటను పాడటానికి, రికార్డు వినిపించడానికి కాపీరైటు చట్టంలోని 52వ సెక్షనే మినహాయింపు ఇచ్చింది. పురుషోత్తమ చౌదరి గారు 1890లో ప్రభువునందు నిద్రించారు. ఆయన కీర్తనలు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. అయితే ఆ కీర్తనను ఈనాటి గాయకుడొకరు పాడి విడుదల చేస్తే, ఆ రికార్డు మీద హక్కు వేరే ఉంటుంది. హక్కు ఉన్న పాటలను పుస్తకంగా అచ్చు వేయాలన్నా, సీడీగా, పెన్‌డ్రైవుగా పంచాలన్నా, మన ఛానల్‌లో పెట్టాలన్నా అనుమతి అడగాలి. ఒక్క ఫోను చేసి అడిగితే సంతోషంగా ఒప్పుకొనే సేవకులు చాలామంది ఉన్నారు. అడగడమే వారికి గౌరవం.

అరౌనా కళ్లం

ఇప్పుడు మన వాక్యభాగానికి రండి. దేశంలో తెగులు ప్రబలింది. అరౌనా కళ్లంలో బలిపీఠం కట్టమని గాదు ప్రవక్త దావీదుతో చెప్పాడు. రాజు తన దగ్గరకు నడిచి రావడం చూసి అరౌనా సాష్టాంగపడ్డాడు. కళ్లం తీసుకోమన్నాడు, ఎద్దులను తీసుకోమన్నాడు, నూర్చే సామాను, కాడి కట్టెలాగా వాడుకోమన్నాడు. ఊరికే ఇస్తానన్నాడు!

దావీదు రాజు. తీసుకుంటే అడిగేవాడు లేడు. పని చూస్తే దేవుని పని. యజమాని కూడా ఒప్పుకున్నాడు. అయినా దావీదు ఒప్పుకోలేదు. తనకు వెల పడనిదాన్ని తన దేవునికి అర్పించనని చెప్పి, 50 తులముల వెండి తూచి ఇచ్చాడు. యజమాని ఇస్తానన్నదానికే దావీదు వెల ఇచ్చాడు. యజమాని ఇవ్వనన్నదాన్ని మనం ఎలా తీసుకుంటాం?

ప్రేమకు గుర్తు వెల చెల్లించడం. మన ప్రభువు మనలను ఊరికే తీసుకోలేదు, తన రక్తమిచ్చి కొన్నాడు. అలా కొనబడినవారు ఇతరుల కష్టాన్ని ఊరికే తీసుకోవడానికి ఇష్టపడరు.

ఏమి చేయాలి?

నడికుడి తమ్ముడూ, నీవు అడిగినందుకు దేవునికి స్తోత్రం. అడిగావంటే నీ మనస్సాక్షి బ్రతికే ఉంది. నీవు చేసే పనిలో ఆ భాగం దొంగతనమే. సహాయం కాదు. అయితే నీ షాపులో ఆ ఒక్క పనే లేదు. రిపేరు ఉంది, రీచార్జి ఉంది, గ్లాసు వేయడం ఉంది. యజమానితో గౌరవంగా మాట్లాడి, సినిమాలు ఎక్కించే పని నాకు వద్దని చెప్పు. కొంత గిరాకీ పోవచ్చు, ఒకవేళ ఆ ఉద్యోగమే పోవచ్చు. అది చిన్న సంగతి అని నేను చెప్పను. మీ సంఘ పెద్దలకు ముందే చెప్పి, ప్రార్థనలోనూ, వేరే పని వెదకడంలోనూ వారి సహాయం అడుగు. సంఘ పెద్దలారా, మంచి చేయబోయి పని పోగొట్టుకున్న బిడ్డను ఒంటరిగా విడిచిపెట్టకండి.

మిగిలిన మనమందరం ఈ రాత్రే చేయగలిగింది ఒకటుంది. ఫోనులో ఉన్న దొంగ కాపీలు తీసివేయండి. పాట నచ్చితే దాన్ని కాపీ చేసి పంపవద్దు. పాడినవారే తమ ఛానల్‌లో పెట్టిన చోటికి లింకు పంపండి. వినేవారికి రూపాయి ఖర్చు లేదు. పాడినవారికి పేరూ, ప్రకటనల ద్వారా వచ్చే ప్రతిఫలమూ దక్కుతాయి. జక్కయ్య రక్షణ పొందిన దినానే లెక్క సరిచేసుకోవడానికి లేచి నిలబడ్డాడు. మన లెక్క అంతకంటే చిన్నదే గదా!

ప్రార్థన చేద్దాం. పరిశుద్ధుడవైన తండ్రీ, కనబడని దొంగతనాన్ని కూడా చూచే దేవుడవు నీవే. మా చేతులను, మా ఫోనులను పవిత్రపరచుము. కష్టపడేవారికి వారి ఫలము దక్కునట్లు చేయుము. ఉత్తరం వ్రాసిన నీ బిడ్డకు ధైర్యమును, న్యాయమైన జీవనోపాధిని అనుగ్రహించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.