నొప్పి లేని కాలే ఎక్కువ ప్రమాదం: పాదాలు చెప్పే సంగతులు

ముందు ఒక చిన్న పని చేద్దాం. చేతిలో ఫోన్ ఉంది కదా, కెమెరా ఆన్ చేసి మీ అరికాలు ఫొటో తీయండి. నవ్వొద్దు, సీరియస్‌గానే చెప్తున్నా. మీరు తీశాక ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ల అరికాళ్లు కూడా తీయండి. ఎందుకో చెప్తాను.

మా మేనమామకి చాలా ఏళ్లుగా షుగర్. ఒక సాయంత్రం బజారు నుంచి ఇంటికొచ్చారు, హాయిగా కూర్చుని టీ తాగుతున్నారు. అత్తయ్య నేల మీద ఎర్రటి మరకలు చూసి కుంకుమ ఒలికిందేమో అనుకుంది. చూస్తే చెప్పులోంచి మేకు దిగి ఉంది. ఎప్పుడు దిగిందో మావయ్యకి తెలియనే తెలియదు! చివరికి ఒక వేలు తీసేయాల్సి వచ్చింది.

నొప్పి ఎందుకు తెలియలేదు? షుగర్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నరాలు దెబ్బతింటాయి. ఒంట్లో అన్నిటికంటే పొడవైన నరాలు కాలివేళ్ల దాకా వెళ్లేవే, అందుకే సాధారణంగా మొదట అక్కడే మొదలవుతుంది. ముందు తిమ్మిరి, చీమలు పాకినట్టు ఉండటం, రాత్రి పడుకుంటే అరికాళ్ల మంట. కొన్నాళ్లకి కొందరిలో ఆ మంట కూడా తగ్గిపోతుంది. "హమ్మయ్య, తగ్గింది" అనుకుంటాం. కానీ స్పర్శే పోయి ఉండొచ్చు. అసలు మోసం ఇక్కడే ఉంది.

దీన్ని ఇంట్లోనే చూసుకోవడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ ఊరి పేరుతో దీన్ని ఇప్స్‌విచ్ టచ్ టెస్ట్ అంటారు. నాన్నగారిని కళ్లు మూసుకుని పడుకోమనండి. మీ చూపుడు వేలితో ఆయన బొటనవేలి కొస, మధ్యవేలి కొస, చిటికెనవేలి కొస మెల్లగా తాకండి. ఒకటి రెండు సెకన్లు చాలు. నొక్కొద్దు, గీకొద్దు, తెలియలేదని మళ్లీ తాకొద్దు. రెండు కాళ్లకీ కలిపి ఆరు చోట్లు. అందులో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియలేదంటే, స్పర్శ తగ్గిందని అర్థం. డాక్టర్‌కి చూపించాలి. అన్నీ తెలిశాయని చెప్పి ఏటా చేయించాల్సిన పాదాల చెకప్ మాత్రం మానొద్దు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. షుగర్ ఉన్నవాళ్లు అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చెప్పుల్లేకుండా తిరుగుతారు. ఎండాకాలం గుడి ప్రదక్షిణలో బండ కాలుతున్నా తెలియదు, తర్వాత బొబ్బలొస్తాయి. భక్తిని ఏమీ అనట్లేదు. మాల వేసుకునే ముందు డాక్టర్‌తో ఒక మాట, వేసుకున్నాక రోజూ రాత్రి అరికాళ్లు చూడటం. ఈ రెండూ చేయండి చాలు. ఇంకోటి, ఆనెకాయల్ని బ్లేడుతో ఇంట్లో కోసుకోవడం దయచేసి ఆపించండి.

ఇక వాపు. చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి వదిలితే గుంట అలాగే ఉండిపోయిందా? రెండు కాళ్లకీ అలా ఉంటే గుండె, కిడ్నీ, లివర్ చూపించుకోవాలి. ఒక్కోసారి బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల కూడా వాపు వస్తుంది, అలాగని మీ అంతట మీరు మాత్ర ఆపేయకండి. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే వేరే కథ. దూర ప్రయాణం తర్వాతో, ఆపరేషన్, కాన్పు తర్వాతో ఇలా అయితే రక్తనాళంలో గడ్డ కట్టి ఉండొచ్చు. మనవాళ్లు వెంటనే నూనె రాసి పిసుకుతారు. వద్దు! ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకి వెళ్లొచ్చు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ఆయాసం, ఛాతీ నొప్పి కూడా ఉంటే 108కి ఫోన్ చేయండి.

సిగరెట్ తాగే ఫ్రెండ్స్ ఉంటే ఇది వాళ్లకి. కొంత దూరం నడవగానే పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గి, నడిస్తే మళ్లీ పట్టేస్తున్నాయంటే కాలికి రక్తం సరిగా అందట్లేదేమో చూడాలి. పాదం చల్లగా ఉండటం, వెంట్రుకలు రాలి చర్మం నున్నగా మెరవడం కూడా దీనికే గుర్తులు. వయసైనవాళ్ల జబ్బు అనుకోకండి, పొగ తాగే కుర్రాళ్లలో కూడా రక్తనాళాలు మూసుకుపోయే బర్జర్స్ అనే జబ్బు ఉంది.

గోరు కింద నల్ల మచ్చ సంగతి కూడా చెప్పాలి. దెబ్బ తగిలి రక్తం గడ్డకడితే గోరుతో పాటు ముందుకి జరుగుతుంది. జరగకుండా పెరుగుతుంటే చర్మ వైద్యులకి చూపించండి. బాబ్ మార్లీకి 1977లో బొటనవేలి గోరు కింద బయటపడింది మెలనోమా అనే క్యాన్సర్. 1981లో చనిపోయేటప్పటికి ఆయన వయసు 36.

ఇప్పుడు మొదట తీసిన ఫొటో తెరవండి. షుగర్ ఉన్నవాళ్ల పాదం మీద పుండు, బొబ్బ, నల్లబడిన చోటు, చీము ఏది కనిపించినా నొప్పి ఉందా లేదా అని అడగొద్దు. ఆ ఫొటో పట్టుకుని వీలైతే ఈ రోజే, లేదంటే రేపు పొద్దున్నే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. జ్వరం గానీ, ఎరుపు పైకి పాకడం గానీ ఉంటే రేపటి దాకా కూడా ఆగొద్దు.